ఎన్ని చోట్ల మొదలవ్వాలి?

దామన్‌జోడి అనగానే ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లా వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పంచపట్‌మాలి కొండ మీద అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ గని, అక్కడి నుంచి కర్మాగారం దాకా 14.6 కిలోమీటర్లు వంపులు తిరుగుతూ వచ్చే కన్వేయర్ బెల్టు. ఊరు చూడటానికి వచ్చిన చుట్టాలకు కూడా ఆ బెల్టునే చూపిస్తాం. నాకు మాత్రం ఆ కర్మాగారంలో అన్నిటికన్నా గొప్ప సంగతి బయటికి కనిపించదు. అది లోపల వరసగా నిలబెట్టిన ఎత్తయిన తొట్లలో, ఒక పగలూ రాత్రీ దాటేంత సమయం తీసుకుని, నిదానంగా జరుగుతుంది.

బాక్సైట్‌ను నూరి వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కలుపుతారు. అందులోని అల్యూమినియం కరుగుతుంది, ఇనుము కరగదు. కరగని ఎర్ర బురదను తేర్చి వడగడితే తేటగా సోడియం అల్యూమినేట్ ద్రావణం మిగులుతుంది. దాన్ని చల్లబరిచాక అంత అల్యూమినియాన్ని తనలో ఉంచుకునే శక్తి దానికి ఉండదు. లెక్క ప్రకారం తెల్లని అల్యూమినియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలు వెంటనే అడుగుకు దిగాలి. దిగవు. ద్రావణం చాలాసేపు తేటగానే ఉండిపోతుంది. అందుకని అంతకు ముందు తయారైన హైడ్రాక్సైడ్ పొడినే తెచ్చి అందులో కలుపుతారు. ఆ పాత గింజల మీద కొత్త పొరలు చేరి, గింజలు పెరిగి, ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కుతాయి. తగినంత పెరిగినవి కాల్చి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, చేయడానికి వెళతాయి. సన్నవి మళ్లీ మొదటి తొట్టికి, తర్వాతి విడత ద్రావణానికి బీజాలుగా తిరిగివస్తాయి. ఈ తిరుగుడు ఆగదు.

ఈ కిటుకును కార్ల్ జోసెఫ్ బేయర్ 1887లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు కనిపెట్టాడు. ఆయనకు విమానాల గురించీ వంటపాత్రల గురించీ ఆలోచన లేదు. నూలు గుడ్డకు అద్దకం రంగు గట్టిగా పట్టడానికి అల్యూమినియం లవణాలు కావాలి, వాటి కోసం శుభ్రమైన హైడ్రాక్సైడ్ కావాలి. పాత హైడ్రాక్సైడ్ కొంచెం వేసి కలియబెడుతూ ఉంటే కొత్తది దానంతట అదే స్ఫటికాలుగా దిగుతుందని చూశాడు. నూట ముప్పై ఏళ్లు దాటినా ప్రపంచంలో అల్యూమినాలో చాలా భాగం ఇప్పటికీ ఆ పద్ధతిలోనే వస్తోంది.

బీజం లేకపోతే ఎందుకు మొదలవదు? ద్రవంలో కొన్ని అణువులు కలిసి ఒక చిన్న ముద్ద కట్టాయనుకుందాం. లోపల ఉన్నవాటికి స్ఫటికంగా ఉండటమే లాభం. కానీ ఆ ముద్దకు ఒక కొత్త ఉపరితలం కూడా పుట్టింది, ఉపరితలానికి శక్తి ఖర్చవుతుంది. ముద్ద మరీ చిన్నదైతే లోపలి లాభం కన్నా ఉపరితలపు ఖర్చే ఎక్కువ. అది తిరిగి కరిగిపోతుంది. ఒక పరిమాణం దాటిన ముద్దే నిలబడి పెరుగుతుంది. ఆ పరిమాణానికి చేరడమే కష్టం. అప్పటికే ఉన్న ఉపరితలం ఏదైనా ఆసరాగా దొరికితే ఆ కష్టం చాలావరకు తీరిపోతుంది.

కరిగిన లోహం ఎలా గడ్డకడుతుందన్నది నా పరిశోధన. మరీ కచ్చితంగా చెప్పాలంటే, అల్యూమినియం ఎన్ని చోట్ల గడ్డకట్టడం మొదలుపెడుతుంది, మనకు కావలసినన్ని చోట్ల మొదలయ్యేట్టు చేయడం ఎలా అన్నది. నేను పెరిగింది సునాబేడలో. నాన్నగారు అక్కడి విమాన ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగాం. అమ్మ పుట్టిల్లు రాయగడ జిల్లా గుణుపురం. వేసవి సెలవులన్నీ అక్కడే, వంశధార ఒడ్డున. స్ఫటికాల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం కూడా గుణుపురంలోనే, మా పెద్దమ్మ పొయ్యి దగ్గర.

పెద్దమ్మ పెళ్లి సారెలకు పంచదార చిలకలు పోసేది. చిలకలు, హంసలు, గోపురాలు. చెక్క అచ్చులను ముందు నీళ్లలో నానబెట్టి, రెండు ముక్కలనూ కలిపి పురికొసతో బిగించి, పీఠం వైపు ఉన్న రంధ్రంలోంచి పాకం పోసేది. పాకం దించగానే పోయడానికి వీల్లేదు. ముందు గరిటె వెనుక భాగంతో గిన్నె అంచుకు కొంచెం పాకాన్ని రుద్దాలి. అప్పటిదాకా తేటగా మెరుస్తున్న పాకంలో ఒక తెల్లని చార పుడుతుంది. ఆ చారను పాకంలో కలిపి, ఇంకాస్త రుద్దితే గిన్నె మొత్తం పాలరంగుకు తిరుగుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా పోసేయాలి. తొందరలో ఉన్నప్పుడు అంతకు ముందు విరిగిపోయిన చిలకల పొడిని చిటికెడు చల్లేది, రుద్దే పని తగ్గేది. ఆ గది దరిదాపుల్లోకి నిమ్మకాయను రానిచ్చేది కాదు.

"పెద్దమ్మా, రుద్దకుండా పోస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"గాజయిపోతుంది తల్లీ. గాజయితే అచ్చు వదలదు, మర్నాటికి చెమ్మ పట్టి కారుతుంది" అంది.

ఆ మాటలో ఉన్నదంతా నిజమే. రుద్దని పాకం చల్లారితే చక్కెర అణువులు ఎక్కడివక్కడ, ఏ వరసా లేకుండా బిగుసుకుపోతాయి. అది పారదర్శకంగా ఉంటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రుద్దిన పాకంలో లక్షల సంఖ్యలో సన్నని స్ఫటికాలు ఒకేసారి మొదలవుతాయి. వెలుతురు వాటి ముఖాల మీద పడి అన్ని వైపులకూ చెదురుతుంది కాబట్టి చిలక తెల్లగా కనిపిస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి మధ్యలో అడ్డుపడి స్ఫటికాన్ని కట్టనివ్వవు. దామన్‌జోడిలో పాత హైడ్రాక్సైడ్ పొడి వేయడం, గుణుపురంలో పాత చిలకల పొడి చల్లడం ఒకే పని.

లోహాల విషయంలో ఈ మొదలు సంగతి చాలాకాలం ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. నీటి గురించి ముందే తెలుసు. ఉష్ణమాపకం పేరుతో మనకు పరిచయమైన ఫారన్‌హీట్ 1724లోనే రాశాడు: గాలి తీసేసి మూసిన గాజు బుడ్డిలోని నీరు రాత్రంతా గడ్డకట్టే చలిలో ఉన్నా ద్రవంగానే ఉంది, బుడ్డి కొన విరిచి గాలి తగలనివ్వగానే లోపల మంచు పలుకులు నిండాయి. లోహాలు మాత్రం ద్రవీభవన స్థానం కంటే కొద్ది డిగ్రీలు కిందికి దిగగానే గడ్డకట్టేవి. లోహాల స్వభావమే అంత అనుకున్నారు.

అమెరికాలో షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో డేవిడ్ టర్న్‌బుల్ చేసిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని మార్చేశాయి. ఆయన ఆలోచన ఎంత సాదాసీదాదో అంత పదునైనది. ఒక మూసెడు లోహంలో ఎక్కడో ఒక చోట మలినపు నలుసు ఉండి తీరుతుంది. గడ్డకట్టడం ఆ ఒక్క నలుసు మీద మొదలైతే చాలు, మొత్తం లోహం దాన్ని అనుసరిస్తుంది. అదే లోహాన్ని అతి చిన్న బిందువులుగా విడగొడితే? నలుసులు కొన్ని బిందువుల్లోనే ఉంటాయి. మిగతా బిందువులకు ఆసరా ఉండదు. ఆయన, సెక్ అనే సహచరుడితో కలిసి 1950లో ప్రచురించిన ఫలితాల్లో నికెల్ బిందువులు ఉన్నాయి. నికెల్ 1455 డిగ్రీల వద్ద గడ్డకట్టాలి. ఆసరా లేని బిందువులు అంతకన్నా 319 డిగ్రీలు కిందికి దిగేదాకా ద్రవంగానే ఉన్నాయి! మొదటిసారి ఈ అంకె చదివినప్పుడు నేను అచ్చుతప్పేమో అనుకుని ఇంకో పుస్తకం తీసి చూశాను. లోహమంటే వెంటనే గడ్డకట్టేదన్న నమ్మకం అంతా నలుసుల పుణ్యమే.

నా పని ఇక్కడి నుంచి అందుకుంటుంది. నలుసు ఉంటే మొదలవుతుంది కదా, అయితే ఏ నలుసు, ఎంత పెద్దది, ఎన్ని?

అల్యూమినియం దిమ్మలు పోసేటప్పుడు రేణువులు, అంటే ఒక్కో మొదలు నుంచి పెరిగిన స్ఫటికాలు, సన్నగా ఉండాలని అందరూ కోరుకుంటారు. ఏమీ కలపకుండా పోస్తే స్ఫటికాలు అచ్చు గోడల దగ్గర మొదలై, పొడుగ్గా స్తంభాలు కట్టుకుంటూ నడుమకు వస్తాయి. అలాంటి దిమ్మ చల్లారేటప్పుడు ఆ స్తంభాల మధ్య చీలుతుంది, రోలర్ల కింద రేకు సమంగా సాగదు. అందుకని కరిగిన లోహంలోకి టైటానియం, బోరాన్ ఉన్న అల్యూమినియం కడ్డీని కొంచెం కొంచెంగా వదులుతారు. టన్నుకు ఒకటి రెండు కిలోలు చాలు. ఆ కడ్డీలో టైటానియం డైబోరైడ్ కణాలు ఉంటాయి. చాలావరకు ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పు ఉన్న చదునైన ఆరు భుజాల పలకలు. అవి అల్యూమినియంలో కరగవు. వాటి చదును ముఖం మీద అల్యూమినియం అణువుల వరస సులువుగా కుదురుకుంటుంది. కడ్డీ వేయకముందు మిల్లీమీటర్లలో, ఒక్కోసారి సెంటీమీటర్లలో ఉండే రేణువులు ఆ తర్వాత మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులకు తగ్గిపోతాయి.

ఇందులో నన్ను ఈ రంగంలోనే కట్టిపడేసిన సంగతి ఒకటుంది. మనం వేసిన కణాల్లో ఒక శాతమో అంతకన్నా తక్కువో మాత్రమే రేణువులకు మొదళ్లవుతాయి. మిగతా తొంభై తొమ్మిది శాతం ఏ పనీ చేయకుండా లోహంలో ఉండిపోతాయి. అన్నీ ఒకే పదార్థం, ఒకే ఆకారం. మరి ఎందుకిలా?

దీనికి కేంబ్రిడ్జిలో గ్రీర్ బృందం 2000లో చక్కని వివరణ ఇచ్చింది. పలక ముఖం మీద అల్యూమినియం పొర పరుచుకోవడం వరకు కష్టం లేదు. అక్కడి నుంచి అది బయటికి ఉబ్బాలి. అర్ధగోళం అయ్యేదాకా ఉబ్బడం కష్టమవుతూ ఉంటుంది, అది దాటితే ఇక ఆపేది లేదు. పలక చిన్నదైతే ఆ వంపు మరీ బిగుతుగా ఉంటుంది, దాన్ని దాటాలంటే ద్రవం ఇంకా చల్లబడాలి. పలక వెడల్పు సగమైతే కావలసిన చల్లదనం రెట్టింపు. కాబట్టి లోహం చల్లారుతున్నప్పుడు ముందుగా అన్నిటికన్నా పెద్ద పలకలకు వంతు వస్తుంది, తర్వాత వాటికన్నా కాస్త చిన్నవాటికి. ఇంతలో ముందు మొదలైన స్ఫటికాలు పెరుగుతూ వేడిని విడుదల చేస్తాయి. గడ్డకట్టడమంటే దాచుకున్న వేడిని వదలడమే కదా. ఆ వేడికి ద్రవం చల్లబడటం ఆగి, ఉష్ణోగ్రత తిరిగి కొద్దిగా పైకి లేస్తుంది. అంతే, చిన్న పలకలకు వంతు రాకుండానే అవకాశం మూసుకుపోతుంది.

మా ప్రయోగశాలలో ఇది కళ్లారా చూస్తాం. చిన్న గిన్నెలో కరిగిన అల్యూమినియం పోసి, నడుమ ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగను నిలబెట్టి, ఉష్ణోగ్రత గీత ఎలా దిగుతుందో కంప్యూటర్‌లో నమోదు చేస్తాం. గీత 660 డిగ్రీల దగ్గరికి వచ్చి, కొంచెం కిందికి ముంచి, మళ్లీ లేచి, నిలకడగా సాగుతుంది. ఆ చిన్న ముంపులోనే కథంతా ఉంది. మంచి కడ్డీ వేస్తే ముంపు డిగ్రీలో కొంత భాగం మాత్రమే. దాని లోతు చూసి, ముక్కను కోసి చూడకముందే, రేణువులు సన్నగా వచ్చాయో లేదో చెప్పవచ్చు. కొత్తగా చేరిన విద్యార్థులకు నేను మొదట అప్పగించే పని ఇదే. వాళ్లు గంటల తరబడి ఆ గీతలు చూడాలి. సమీకరణాలు తర్వాత.

జిర్కోనియం కొద్దిగా ఉంటే చాలు, ఈ ఏర్పాటంతా చెడిపోతుంది. ఎంత కడ్డీ వేసినా రేణువులు పెద్దగానే వస్తాయి. ఎందుకన్నది చాలా ఏళ్లు వాదనగా నడిచింది. బ్రూనెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపించిన చిత్రం ఆ వాదనను చాలా ముందుకు తీసుకెళ్లింది. బాగా పనిచేసే పలక ముఖం మీద టైటానియం, అల్యూమినియం కలిసిన ఒకే ఒక్క అణువు మందపు పొర ఉంది. నిజంగా అల్యూమినియం కుదురుకునేది ఆ పొర మీదే. జిర్కోనియం ఉన్న చోట ఆ పొర ఉండదు. టన్నుల కొద్దీ బరువున్న దిమ్మ నాణ్యత ఒక అణువు మందం మీద ఆధారపడి ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదలవడం ఒకసారితో అయిపోదు. చక్కెర, ఉప్పు, పటిక, దామన్‌జోడి హైడ్రాక్సైడ్ వంటి చదును ముఖాల స్ఫటికాల్లో ఒక పొర పూర్తయ్యాక దాని మీద కొత్త పొర పుట్టాలి. నున్నని ముఖం మీద వచ్చి వాలిన అణువుకు పట్టు దొరకదు, జారిపోతుంది. అంటే ప్రతి పొరకూ మళ్లీ ఒక మొదలు కావాలి. ఆ లెక్కన, ఆవిరి నుంచి పెరిగే స్ఫటికమైతే, చుట్టూ ఆవిరి అవసరమైన దానికన్నా పాతిక నుంచి యాభై శాతం ఎక్కువ ఉంటే తప్ప స్ఫటికం పెరగకూడదు. కానీ 1931లో ఫోల్మర్, షుల్ట్‌జ్ అయోడిన్ స్ఫటికాలను చూసినప్పుడు ఒక్క శాతం ఎక్కువ ఉన్నా పెరుగుతూనే ఉన్నాయి. సిద్ధాంతానికీ ప్రయోగానికీ ఇంత దూరం ఉండటం మామూలు సంగతి కాదు. దీన్ని 1949లో బ్రిస్టల్‌లో స్ఫటికాల పెరుగుదల మీద జరిగిన సమావేశంలో ఎఫ్.సి. ఫ్రాంక్ విప్పాడు. స్ఫటికంలో మర తిరిగినట్టు అణువుల వరస ఒక మెట్టు పక్కకు జరిగి ఉంటే, ఆ మెట్టు ముఖం మీద బయటికి కనిపిస్తుంది. అణువులు వచ్చి దాని పక్కన చేరతాయి. మెట్టు ముందుకు జరుగుతుంది, కానీ ఒక కొస బిగిసి ఉంది కాబట్టి చుట్లు తిరుగుతుంది. ఎన్ని చుట్లు తిరిగినా మెట్టు చెరగదు. కొత్త పొరకు కొత్త మొదలు అక్కర్లేదు. అదే సమావేశానికి వచ్చిన గ్రిఫిన్ అనే యువకుడి దగ్గర బెరిల్ స్ఫటికం ముఖం మీద సరిగ్గా అలాంటి చుట్లు కనిపిస్తున్న ఛాయాచిత్రాలు ఉన్నాయి! సైన్సులో ఒక ఊహకు రుజువు అంత దగ్గర్లో ఎదురు చూస్తూ ఉండటం చాలా అరుదు.

లోహాలకు ఈ బాధ లేదు. వాటి స్ఫటికం ముఖం అణువుల స్థాయిలో గరుకుగా ఉంటుంది, ఎక్కడ వాలినా పట్టు దొరుకుతుంది. ఏ పదార్థం నున్నగా పెరుగుతుంది, ఏది గరుకుగా పెరుగుతుందన్నది కరిగేటప్పుడు అణువుల క్రమం ఎంత చెదురుతుందో చూసి చెప్పవచ్చని జాక్సన్ 1958లో చూపించాడు.

ఇప్పటివరకు చెప్పినవన్నీ వీలైనన్ని ఎక్కువ మొదళ్లు కావలసిన పనులు. ఒకే ఒక్క మొదలు కావలసినవీ ఉన్నాయి. యాన్ చోక్రాల్‌స్కీ 1916లో బెర్లిన్‌లో సిరాబుడ్డి అనుకుని కలాన్ని కరిగిన తగరంలో ముంచాడని, పైకి తీస్తే పాళీ కొసకు సన్నని తీగ వేలాడుతోందని, పరీక్షిస్తే అది ఒకే స్ఫటికమని చెబుతారు. కంప్యూటర్ చిప్పులకు వాడే సిలికాన్‌ను ఇప్పటికీ ఆ పద్ధతిలోనే తీస్తారు. 1414 డిగ్రీల్లో కరిగిన సిలికాన్‌కు చిన్న బీజాన్ని తాకించి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. ముందు మెడను కొద్ది మిల్లీమీటర్లకు సన్నగిల్లనిస్తారు, లోపాలు ఆ మెడలోనే పక్కకు తప్పుకుంటాయి. ఆ తర్వాత 300 మిల్లీమీటర్ల వ్యాసం దాకా లావు చేస్తారు. అంత బరువూ ఆ సన్నని మెడకే వేలాడుతుంది.

నాన్నగారు పనిచేసిన సునాబేడ కర్మాగారం 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం పెట్టింది. జెట్ ఇంజన్‌లో అన్నిటికన్నా వేడి తట్టుకోవలసినవి టర్బైన్ రెక్కలు. ఆ వేడిలో నిరంతరం లాగుతూ ఉంటే రెక్క లోహంలోని రేణువుల సరిహద్దులు జారి, రెక్క మెల్లమెల్లగా సాగుతుంది. సరిహద్దులే లేకపోతే? రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా పోస్తారు. అచ్చు అడుగున చల్లని రాగి పలక మీద ఎన్నో స్ఫటికాలు మొదలవుతాయి. వాటికి పైన మెలి తిరిగిన సన్నని దారి ఉంటుంది. ఆ మెలికల్లో ఒక్కటే నెగ్గి బయటపడుతుంది, అదే రెక్కంతా నిండుతుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం ఇలాంటి ఏకస్ఫటిక రెక్కలు పోసి, హెలికాప్టర్ ఇంజన్ కోసం ఒక విడతగా 60 రెక్కలను 2021లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించింది. ఆ వార్త నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. రెక్కల పొడవెంత, బరువెంత అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు.

ఈ మధ్య గుణుపురం వెళ్లినప్పుడు మోటారుసైకిళ్లు బాగుచేసే కుర్రవాడు ఒకతను విరిగిన ఇంజన్ మూత తెచ్చి చూపించాడు. మా మేనమామ కొడుక్కి స్నేహితుడు.

"అక్కా, ఇది దెబ్బ తగిలి విరగలేదు. బోల్టు బిగిస్తుంటే విరిగింది. మీరు ఈ లోహం పనే చేస్తారట కదా, ఎందుకు విరిగిందో చెప్పగలరా?"

ముక్క నాతో తెచ్చుకుని, కోసి, నున్నగా సానపట్టి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. అల్యూమినియం, సిలికాన్ కలిసిన మిశ్రమలోహం. అందులో అల్యూమినియం కొమ్మలు రెమ్మలుగా పెరిగిన డెండ్రైట్లు కనిపించాయి. పక్క కొమ్మల మధ్య దూరం కొలిస్తే ఆ చోట గడ్డకట్టడానికి ఎంత సమయం పట్టిందో తెలుస్తుంది, ఎందుకంటే ఆలస్యమయ్యే కొద్దీ సన్న కొమ్మలు కరిగి లావు కొమ్మల్లో కలిసిపోతాయి. దూరం ఆ సమయపు ఘనమూలాన్ని అనుసరిస్తుంది. బోల్టు రంధ్రం దగ్గర మందం ఎక్కువ, అక్కడ కొమ్మల మధ్య దూరమూ ఎక్కువగానే ఉంది. చిల్లులు రెండు రకాలు కనిపించాయి. కొన్ని మూలలు మూలలుగా, కొమ్మల మధ్య సందుల ఆకారంలో ఉన్నాయి. అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు ఆరేడు శాతం కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి ద్రవం కొమ్మల సందుల్లోంచి రావాలి, దారి మూసుకుపోతే చిల్లు మిగులుతుంది. మిగతావి గుండ్రంగా ఉన్నాయి. అవి హైడ్రోజన్ బుడగలు. ద్రవ అల్యూమినియంలో ఇమిడే హైడ్రోజన్ ఘన అల్యూమినియంలో ఇమిడే దానికి ఇరవై రెట్లకు దగ్గరగా ఉంటుంది. గడ్డకట్టగానే అదంతా బయటపడాలి. ఆ హైడ్రోజన్ వచ్చేది నీటి నుంచే. తడిసిన తుక్కు, చెమ్మ పట్టిన పనిముట్లు, వానాకాలపు గాలి, ఏదైనా చాలు. మన వైపు జులై, ఆగస్టుల్లో పోత పోసేవాళ్లు తుక్కును ముందుగా వేడి చేసి ఆరబెట్టి తీరాలని నేను ఎక్కడికి వెళ్లినా చెబుతాను.

విరగడానికి అసలు కారణం మాత్రం సిలికాన్. అది పొడుగాటి మొద్దు పలకలుగా పెరిగింది, పగులు ఒక పలక నుంచి ఇంకో పలకకు దూకుతూ వెళ్లింది. అలాడార్ పాక్స్ అనే ఆయన 1920 ప్రాంతంలోనే కొంచెం సోడియం కలిపితే ఈ పలకలు సన్నని నారగా మారతాయని కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు ఎక్కువగా స్ట్రాన్షియం వాడుతున్నారు. ఇక్కడ కూడా ప్రశ్న మొదలు గురించే. లోహంలో పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్ల ఫాస్ఫరస్ ఉన్నా అది అల్యూమినియం ఫాస్ఫైడ్ కణాలవుతుంది, సిలికాన్‌కు వాటి మీద మొదలవడం చాలా సులువు. సోడియం, స్ట్రాన్షియం ఆ కణాల పట్టు తీసేస్తాయి. పెరిగే సిలికాన్‌కు కూడా అడుగడుగునా అడ్డుపడి కొమ్మలు వేయిస్తాయి. సిలికాన్ శాతం బాగా ఎక్కువ ఉన్న పిస్టన్లు పోసేవాళ్లు ఇదే ఫాస్ఫరస్‌ను కొనితెచ్చి వేస్తారు, వాళ్లకు సిలికాన్ గింజలు ఎక్కువ చోట్ల మొదలవ్వాలి కాబట్టి. ఈ ఇంజన్ మూత పోసిన చోట ఆ చిటికెడు స్ట్రాన్షియం వేయలేదో, వేసినది కొలిమిలో ఎక్కువసేపు ఉండి ఆక్సీకరణం చెందిపోయిందో, ముక్క చూసి చెప్పలేం. కుర్రవాడికి ఫోనులో ఇదంతా వివరిస్తే "అయితే బిగించడంలో నా తప్పు లేదు కదా" అన్నాడు. లేదని గట్టిగా చెప్పాను. ఖాతాదారుడికి చూపించుకోవడానికి సూక్ష్మదర్శిని చిత్రాలు కూడా పంపాను.

ఆ ముక్కలోనే ఇంకొకటి కనిపించింది, ఇప్పుడు మా బృందం పని దాని మీదే. నల్లని సిలికాన్ పలకల మధ్య బూడిదరంగులో, సూదుల్లా కనిపించే ఇనుము సమ్మేళనాలు. నిజానికి అవీ పలకలే, కోసిన ముఖం మీద సూదులుగా కనిపిస్తాయి. అల్యూమినియంను కరిగించి మళ్లీ వాడటం చాలా మంచి పని, గని నుంచి కొత్తగా తీయడానికి అయ్యే శక్తిలో ఐదు శాతం దగ్గర సరిపోతుంది. కానీ తుక్కుతో పాటు మరలు, మేకులు, కొలిమి పనిముట్ల నుంచి ప్రతిసారీ కొంచెం ఇనుము చేరుతుంది, చేరినది సులువుగా పోదు. మాంగనీసు వేస్తే ఈ పలకలు అంత హాని చేయని ముద్ద ఆకారంలోకి మారతాయి, అయితే మాంగనీసు ఎక్కువైతే అడుగున మడ్డి దిగుతుంది. అసలు ఆ పలకలు మొదలయ్యేది ఎక్కడ? లోహాన్ని ఎత్తు నుంచి పోసినప్పుడు పైన ఉండే ఆక్సైడ్ పొర మడత పడి లోపలికి వెళుతుందని, ఆ మడతల మీదే మొదలవుతాయని ఒక వాదన ఉంది. అదే నిజమైతే ఇనుమును తీసేయలేకపోయినా, నెమ్మదిగా అడుగు నుంచి అచ్చు నింపి పలకలను తగ్గించవచ్చు. చిన్న పోతశాలలు కూడా పెద్ద ఖర్చు లేకుండా చేయగల పని అది. ఒకే కొలిమి లోహాన్ని కొన్ని అచ్చుల్లో పై నుంచి, కొన్నింటిలో అడుగు నుంచి పోస్తున్నాం. ముక్కలు కోసి, ఎన్ని పలకల నడుమ ఆక్సైడ్ పొర ఉందో లెక్కపెడుతున్నాం.